కొత్త దేశం మీద వేసిన అప్పు

ఫ్యాక్సులో వచ్చిన కాగితం మీద ఒక అంకె ఎనిమిదో మూడో తెలియకుండా అలుక్కుపోతే, మా ఆఫీసులో ఎవరైనా దాన్ని వీరేశం బల్ల దగ్గరికి పట్టుకెళ్లేవారు. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, కాగితాన్ని కిటికీ వెలుతురుకు అడ్డంగా పెట్టి, ఓ నిమిషం చూసేవాడు. చాలాసార్లు అంకె చెప్పేవాడు. కొన్నిసార్లు "ఎర్కైతలేదు" అని కాగితం వెనక్కి ఇచ్చేసేవాడు. ఆ రెండో మాట అనగలడనే నేనాయన్ని ఉద్యోగంలోకి తీసుకున్నాను.

తీసుకున్నాను అంటే నాకేదో పెద్ద అధికారం ఉందనుకునేరు. అదేం లేదు. 2007లో మా కంపెనీ మాదాపూర్‌లో రెండంతస్తులు అద్దెకు తీసుకుని కొత్తగా మొదలైంది. నేను అందులో టీమ్ లీడుని. పేరు కామేశ్వరరావు. మా ఊరు తణుకు దగ్గర. ఆ సంగతి ముందు ముందు అవసరం పడుతుంది కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను. బయటినుంచి చూస్తే మాది అద్దాల మేడ. లోపల మేం చేసేది శుద్ధ గుమాస్తా పని. నూటపాతిక దేశాల కేంద్ర బ్యాంకులు అచ్చేసే పట్టికలు తెచ్చి, వాటిలో అంకెలు కంప్యూటర్లోకి ఎక్కించి లండన్‌కి పంపాలి. ఏ దేశం దగ్గర విదేశీ డబ్బు నిల్వ ఎంత ఉంది, ఆ దేశం బయటివాళ్లకి ఎంత అప్పు పడింది, అప్పు వంద అనుకుంటే నిల్వ అందులో ఎంత, ఆ వాటా ఏడాదికేడాదికి పెరిగిందా తరిగిందా అన్నది మా లెక్క. లండన్‌వాళ్లు దాన్ని రంగురంగుల గీతలుగా గీసి బ్యాంకులకి అమ్ముకునేవారు. గీత పైకి పోతే ఆ దేశానికి అప్పు చవగ్గా పుడుతుంది, కిందికి పోతే వడ్డీ పెరుగుతుంది. మా పిల్లలు టీ తాగుతూ కొట్టే అంకెకి అంత పని ఉందని వాళ్లకెవరికీ పట్టేది కాదు.

పట్టని పిల్లలు మూడు నెలలకోసారి వేరే కంపెనీకి వెళ్లిపోయేవారు. విసుగెత్తి, వయసుతో పనిలేదు, చూపు బాగుంటే చాలని ప్రకటన ఇచ్చాం. అరవై మంది వచ్చారు. పరీక్షగా ఒక మసక పట్టిక ఇచ్చి ఎక్కించమన్నాను. అందులో రెండు అంకెలు నిజంగానే చదవడానికి వీల్లేనివి. యాభై తొమ్మిది మంది తోచిందేదో వేశారు. ఒక్కరి కాగితం మీద మాత్రం ఆ రెండు గళ్లలోనూ తెలుగులో "కనబడ్తలేదు" అని రాసి ఉంది. ఆయనే వీరేశం. అప్పటికి నలభై అయిదేళ్లు, మూసాపేటలో రెండు గదుల కిరాయి ఇల్లు, పిల్లల్లేరు. భార్య చంద్రమ్మ సర్కారు బడిలో ఆయా.

అంతకు ముందు ఆయన పద్దెనిమిదేళ్లు బాలానగర్‌లో ఒక పంపుల ఫ్యాక్టరీలో టైమ్ ఆఫీసులో గుమాస్తా. కార్మికుల కార్డుల మీద గడియారం కొట్టే మసకమసక అంకెలు చదివి హాజరు వేయడం పని. ఆ చూపు అలా అలవాటైందే. 1999లో ఫ్యాక్టరీ మూతపడింది. ఆ తర్వాత ఎనిమిదేళ్లు గోదాములో, సినిమా హాల్లో, పెట్రోల్ బంకులో, ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గర రోజు లెక్కన పని. మా దగ్గర కూడా ఏజెన్సీ ద్వారా కాంట్రాక్టే. ఏటా డిసెంబరులో కాగితం మళ్లీ రాస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. కిందటి ఉద్యోగం గురించి ఆయన ఎప్పుడు చెప్పినా, "నేను పర్మినెంట్ ఉన్నప్పుడు" అని మొదలుపెట్టేవాడు. కొందరు చదువుకునే రోజుల గురించి చెప్పినట్టు ఉండేది. మళ్లీ ఆ మాట అనిపించుకోవాలని తప్ప ఆయనకి ఇంకో కోరిక ఉన్నట్టు నేనెరగను.

2008లో ఇండియా పాత లెక్కలు ఎక్కించే పని ఆయన వంతుకి వచ్చింది. వరస మీద వరస వేసుకుంటూ 1991 మార్చి దగ్గర ఆగిపోయాడు. అప్పు వంద అయితే నిల్వ ఏడు. పైనా కిందా ఉన్న అంకెలు చూసి, మళ్లీ పట్టిక చూసి, తప్పు పడిందేమోనని నన్ను పిలిచాడు.

"తప్పు కాదండి. ఆ సంవత్సరం బంగారం కుదువపెట్టి గట్టెక్కాం. బయటినుంచి సరుకు తెచ్చుకోవడానికి రెండు మూడు వారాలకి సరిపడా డాలర్లే ఉన్నాయి" అన్నాను, అంతా నా కళ్లముందే జరిగినట్టు. అప్పుడు నేను ఎనిమిదో తరగతి.

"గందుకా" అన్నాడు. "గా ఎండకాలం మా ఫ్యాక్టరీకి జర్మనీ కెల్లి సీళ్లు రాలే సార్. పంపులకు ఏసే సీళ్లు. మూడు నెలలు సగం జీతం. బయటికెల్లి మాల్ రాకుంట సర్కారు ఆపిందని మా సేటు జెప్పిండు. మేం నమ్మలే. ఫ్యాక్టరీ అమ్ముకునేతందుకు దొంగ మాటలు జెప్తుండని ఆఫీసు చుట్టూ కూసున్నం. నేనైతే ఆయన మొకం మీదనే మస్తు తిట్టిన."

ఇంతకీ ఈయన చేసిన పని వినండి. ఆ ఆదివారం చొక్కా ఇస్త్రీ చేయించుకుని మారేడ్‌పల్లిలో ఆ పాత యజమాని ఇంటికి వెళ్లాడు. రామ్మోహనరావుగారని, అప్పటికి ఎనభై దాటాయి, పక్షవాతం వచ్చి కుర్చీలో ఉన్నారట. ఆయనకి వీరేశం ఎవరో గుర్తు రాలేదు. వీరేశం తన టోకెన్ నంబరు చెప్పి, పదిహేడేళ్ల కిందటి సంగతి చెప్పి, దేశం దగ్గర వందకు ఏడే ఉన్నాయన్న లెక్క చెప్పి, "మీరు జెప్పింది నిజమే. నేను తిట్టింది తప్పు" అని వచ్చేశాడు. ముసలాయన ఏమన్నారని అడిగితే, "చాయ్ తాగి పొమ్మన్నడు సార్" అన్నాడు. నేను పడిపడి నవ్వాను. ఆఫీసులో నలుగురికీ చెప్పి నవ్వించాను కూడా. ఆయనా నవ్వాడు. సిగ్గుపడాల్సిన పని చేశానని ఆయనకి అనిపించినట్టు లేదు.

అప్పటినుంచి ఇండియా గీతని సొంతంగా ఒక గ్రాఫు పుస్తకంలో పెన్సిలుతో గీసుకునేవాడు. 2008 మార్చిలో అది నూట ముప్పై ఎనిమిది దాకా ఎక్కింది. అంటే అప్పంతా తీర్చేసినా ఇంకా మిగిలేది. తర్వాత ఏటా దిగుతూ 2011కి వందలోపుకి వచ్చింది. "పేపర్ల దేశం మీదికి వోతుందంటున్నరు, గీత కిందికి వస్తుంది. ఏంది సార్ గిది?" అని నిలదీసేవాడు, గీత నేనే కిందికి లాగినట్టు. కంపెనీలు బయట అప్పులు తెస్తున్నాయండీ, ఏం ఫర్వాలేదండీ అని నేను పెద్దరికంగా చెప్పేవాణ్ని.

ఇక ఉద్యమం సంగతి. 2009 డిసెంబరు తర్వాత మా అంతస్తులో తెలంగాణ మాట ఎవరూ ఎత్తేవారు కాదు. సగం మంది కోస్తావాళ్లం, సగం మంది ఇక్కడివాళ్లు. అందరూ చెవుల్లో వైర్లు పెట్టుకుని, ఆ ఊసే లేనట్టు తిరిగేవారు. క్యాంటీన్లో టీవీని క్రికెట్ దగ్గరే కట్టేశారు. ఆ మాట బాహాటంగా మాట్లాడుకున్నది నేనూ వీరేశమే. మా వాదనకి ఒక మర్యాద ఉండేది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పగానే మొదలయ్యేది, డబ్బాలు మూయగానే ఆగేది. చంద్రమ్మ చేసి పంపిన మక్క గారెలు నాకు రెండు పెట్టి మరీ నా మాటని కొట్టిపారేసేవాడు. ఆస్తులెవరివి, అప్పులెవరివి, ఊరెవరిది, నీళ్లెవరివి; ఏ ఒక్కదాని మీదా మేం ఏకీభవించిన పాపాన పోలేదు. ఎవరం మొహం మాడ్చుకున్నదీ లేదు. నాకు అదంతా సరదాగానే ఉందని అనుకునేవాణ్ని. ఇంటికెళ్లాక మాత్రం, కొండాపూర్‌లో నేను అడ్వాన్సు కట్టిన ప్లాటు గుర్తొచ్చి నిద్రపట్టేది కాదు.

2011 జులైలో ఆఫ్రికాలో ఒక పెద్ద దేశం రెండుగా చీలింది. పేర్లు చెప్పను, నా పరువే కాకుండా ఇంకొకరి పరువు కూడా ఇందులో ఉంది. ఉత్తరాన రాజధాని ఉన్న పాత దేశం, దక్షిణాన కొత్త దేశం. పాతదానికి నాలుగు వేల కోట్ల డాలర్ల దాకా అప్పు. ఆ వార్త చూసి వీరేశం ఆ రోజు నాకు మిఠాయి తెచ్చాడు. "గాళ్లకు వచ్చింది సార్. మాకు గూడ వస్తది" అన్నాడు. మిఠాయి తిన్నాను.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బడులు మూసేశారు, బస్సులు ఆగిపోయాయి, ఆటోలు దొరకడం గగనమైంది. చంద్రమ్మ బడి సిబ్బందితో పాటు సమ్మెలోకి దిగి, రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంట చేసే నిరసనలో మూసాపేట చౌరస్తాలో అన్నం వండేది. ఆవిడ జీతం ఆగిపోయింది. వీరేశం మాత్రం రోజూ ఏడు కిలోమీటర్లు నడిచి ఆఫీసుకి వచ్చేవాడు. సమ్మె చెయ్యకుండా ఇక్కడికెందుకొస్తారని నేను ఎగతాళి చేస్తే, "జనవరి ల లిస్టు వస్తది గద సార్" అన్నాడు. నిజమే. కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లలో అయిదుగురిని జనవరిలో పర్మనెంటు చేస్తామని కంపెనీ మాట ఇచ్చింది. జాబితా తయారుచేసింది నేనే. మొదటి పేరు ఆయనది. ఒక షరతు: అప్పటిదాకా పేరు మీద ఒక్క పెద్ద తప్పు కూడా నమోదు కాకూడదు. నాలుగేళ్లుగా ఆయన పేరు మీద చిన్న తప్పు కూడా లేదు.

కంపెనీ వాళ్లు లండన్‌కి ఇంకో మాట కూడా ఇచ్చారు. సమ్మె వల్ల ఒక్క ఫైలు కూడా ఆగదని. దాన్ని అచ్చు వేయించి లిఫ్టు పక్కన అతికించారు. మా ఫ్లోర్ మేనేజరు అబ్రహాం గారు, బాపట్ల వైపు మనిషి, నెమ్మదస్తుడు, ఆ రోజుల్లో గంటకోసారి వచ్చి, "ఏమండీ, వెళ్లిపోయిందా అండీ ఫైలు?" అని అడిగి పోయేవారు. నలభై మంది పని పదకొండు మందిమి చేస్తున్నాం.

అక్టోబరు రెండో వారంలో ఒక గురువారం. మూడు నెలల ఫైలు సాయంత్రం అయిదింటికి పోవాలి. మధ్యాహ్నం మూడింటికి వీరేశం నన్ను పిలిచాడు.

"సార్, కొత్త దేశానికి అప్పు గడిల ఏం ఎయ్యాలె?"

"వాళ్ల కాగితాల్లో ఎంతుందండీ?"

"ఏం లేదు. నిల్వ ఉంది గని అప్పు మాటనే లేదు. ఇంకా ఎవరి దగ్గర తెచ్చుకున్నట్టు లేదు."

"అయితే సున్నా కొట్టండి."

"కొట్టిన. తీస్కుంటలేదు."

తీసుకోదు. నిల్వని అప్పుతో భాగించడం ఆ ప్రోగ్రాము పని. సున్నాతో భాగించమంటే గడి ఎర్రబడి కూర్చుంటుంది. ఖాళీగా వదిలినా ఫైలు కదలదు. ఇలాంటప్పుడు లండన్‌కి ప్రశ్న పంపాలి. వాళ్లు చూసి అనుమతిస్తే, అంకె లేదని తెలిపే చిన్న అడ్డగీత ఆ గడిలో పెట్టి కింద కారణం రాయాలి. జవాబుకి రెండ్రోజులు పడుతుంది.

"ప్రశ్న పెడ్దాం సార్" అన్నాడు వీరేశం. "పాత లెక్కల సోవియట్ చీలినప్పుడు గూడ గట్లనే చేసినం. అప్పు మొత్తం రష్యానే ఎత్తుకున్నది. మిగిలిన వాటికి గీత పెట్టినం. నేనే పెట్టిన."

"రెండ్రోజులు ఎక్కడ ఆగుతామండీ? ఫైలు ఆగితే సమ్మె వల్లే ఆగిందని అబ్రహాం గారు రాసుకోవాలి." అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. "అయినా విడిపోయినంత మాత్రాన అప్పంతా పాతవాళ్ల నెత్తిన పడేసి పోతారటండీ? కలిసున్నప్పుడు చేసిందేగా. జనాభా లెక్కన పంచుకోవాలి. కొత్త దేశం జనాభా వందకి ఇరవై ఒకటి. ఇరవై ఒక్క పాళ్లు వాళ్లకి వెయ్యండి. అదీ న్యాయం."

"ఏం న్యాయం సార్?" ఆయన కుర్చీ నా వైపు తిప్పాడు. "తెచ్చిందెవరు, ఖర్చు పెట్టింది యాడ? దక్షిణం దిక్కు ఒక్క రోడ్డేసిండ్రా, ఒక్క దవాఖాన కట్టిండ్రా? గాళ్ల పేరు జెప్పి తెచ్చి రాజధానిల పెట్టుకున్నరు. ఎవరు వాడుకున్నరో గాళ్లే కట్టాలె."

"రాజధాని అందరిదీ కాదటండీ? అందరూ వచ్చి కట్టుకున్నదే కదా?"

"వచ్చి కట్టుకున్నరు. ఎవరి జాగల?"

ఆఫ్రికా ఎప్పుడో మా మధ్యనుంచి లేచి వెళ్లిపోయింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఎవరమూ ఆపలేదు. వందసార్లు నోటితో తేలని వాదన, ఇప్పుడు తెర మీద ఒక గడి రూపంలో మా ముందు ఉంది. అందులో ఏదో ఒక అంకె పడి తీరాలి. అది నా అంకె కావాలని నాకు ఎంత బలంగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది. ఆయన సున్నా అన్నాడు. ప్రోగ్రాము సున్నా తీసుకోదన్నాను. అయితే ఒకటి వేద్దామన్నాడు. నేను పదిహేనుకి దిగాను. ఆయన ఐదుకి ఎక్కాడు. నాలుగున్నర కావస్తుండగా పది దగ్గర ఆగాం. నాలుగు వేల కోట్లలో పదో వంతు, నాలుగు వందల కోట్ల డాలర్లు. ఆ రెండు దేశాలవాళ్లు తమలో తాము ఏమనుకున్నారో కనుక్కోవాలని నాకు ఒక్క క్షణం కూడా తోచలేదు.

కొట్టే ముందు ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు. "నాదైతే గీతనే సార్. ప్రశ్న పెట్టుడే కరెక్టు. మీరు జెప్తుండ్రని కొడ్తున్న."

"కొట్టండి, నేనున్నాగా" అన్నాను.

కొట్టాడు. ఆధారం అనే చోట "అంచనా" అని వేయించాను. ఎక్కించిన మనిషిగా ఆయన నంబరు పడింది, సరిచూసిన మనిషిగా నాది. నాలుగూ యాభైకి ఫైలు వెళ్లిపోయింది. అబ్రహాం గారు వచ్చి భుజం తట్టారు. టీ తాగుతూ వీరేశం, "పది గూడ ఎక్కువనే సార్" అన్నాడు. నేను నవ్వాను. దాచుకోవడం ఎందుకు, ఆ సాయంత్రం నాకు చాలా సంతోషంగా ఉంది.

నెలాఖరుకి సమ్మె ఆగింది. ఆ తర్వాత వారంలో లండన్ నుంచి ఒక ఉత్తరం నకలు వచ్చింది. రాసింది ఆ కొత్త దేశం ఆర్థిక శాఖలో ఒక ఉద్యోగి. మర్యాదగా రాశాడు. మా దేశం పుట్టి నాలుగు నెలలు కాలేదు, ఎవరి దగ్గరా ఒక్క డాలరు అప్పు చేయలేదు, పాత అప్పు సంగతి ఇంకా చర్చల్లో ఉంది, ఇంతలో మా మీద నాలుగు వందల కోట్ల డాలర్లు ఉన్నట్టు మీ గీతల పటం చూపిస్తోంది, అవతలివాళ్లు ఆ పటం తెచ్చి చర్చల్లో మా ముందు పెట్టారు, ఈ అంకె ఏ పత్రం చూసి వేశారో దయచేసి చెప్పండి అని అడిగాడు.

నేను గతుక్కుమన్నాను. వీరేశం నా వెనక నిలబడి ఆ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాడు. మొహం నల్లబడిపోయింది. "మనమెవరం సార్, గాళ్లకు అప్పు పంచనీకి?" అన్నాడు. అదే మాట మా టిఫిన్ డబ్బాల దగ్గర నన్ను ఎన్నోసార్లు అడిగాడు. అప్పుడు "మనం" అనేవాడు కాదు, "మీరు" అనేవాడు.

తప్పు నివేదిక అని ఒక కాగితం ఉంటుంది. అందులో ఒక్క పేరు రాయడానికే చోటుంటుంది. అబ్రహాం గారు ఇద్దరినీ తన గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"ఎవరు ఎక్కించారండీ ఈ అంకె?"

"ఎంట్రీ వీరేశంగారిదండి" అన్నాను. అబద్ధం కాదు.

"మీరు చూడలేదా అండీ?"

"చూశానండి. సమ్మె రోజులు కదండీ. పదకొండు మందిమే ఉన్నాం. ఒత్తిడిలో..."

అబ్రహాం గారు వీరేశం వైపు తిరిగారు. "ఎక్కడినుంచి తెచ్చారండీ ఈ నాలుగు వందల కోట్లు?"

వీరేశం నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, బతిమాలడం లేదు. నా వంతు వచ్చిందన్నట్టు చూశాడంతే. నేను పర్మనెంటు ఉద్యోగిని. నా పేరు రాస్తే ఒక హెచ్చరిక కాగితం, ఆ ఏడు బోనసు పోవడం, అంతకు మించి ఏమీ లేదు. ఆయన పేరు రాస్తే జనవరి జాబితాలోంచి పేరు పోతుంది, డిసెంబరు కాగితం కూడా మళ్లీ రాయరు. యాభైకి దగ్గరపడ్డ మనిషిని ఈ ఊళ్లో ఇంకే అద్దాల మేడా తీసుకోదు. ఇదంతా నాకు ఆ గదిలో కూర్చున్నప్పుడే తెలుసు. తెలిసీ గోడకున్న క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను.

కాసేపయ్యాక ఆయన, "నేనే కొట్టిన సార్" అన్నాడు. ఇంకొక్క మాట కలపలేదు. అబ్రహాం గారు బాధగానే ఆ పేరు రాసుకున్నారు. నన్ను ఇకమీదట జాగ్రత్తగా ఉండమన్నారు. లండన్‌వాళ్లు ఆ గడిలో గీత పెట్టి, కింద కారణం రాసి, కొత్త దేశానికి క్షమాపణ పంపి చేతులు దులుపుకున్నారు.

డిసెంబరు ముప్పయ్యో తారీకు వీరేశం ఆఖరి రోజు. నేను ఆ రోజు మరదలి పెళ్లని సెలవు పెట్టాను. పెళ్లి ఫిబ్రవరిలో. మర్నాడు వెళితే ఆయన బల్ల తుడిచి ఉంది. చదవడానికి కష్టమయ్యే దేశాల పేర్లు, వాటి పట్టికల్లో ఏ అంకె ఏ అంకెలా కనబడి మోసం చేస్తుందో పెన్సిలుతో రెండు పేజీలు రాసి తన తర్వాత వచ్చేవాళ్ల కోసం వదిలిపెట్టాడు. మూసాపేట వెళ్లి కలవాలని చాలాసార్లు అనుకున్నాను. మొహం చెల్లలేదు.

2014 జూన్‌లో రాష్ట్రం వచ్చింది. ఆగస్టులో నేను గోపన్‌పల్లిలో కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్లు చూడ్డానికి వెళ్లాను. గేటు దగ్గర నీలం చొక్కా, టోపీ పెట్టుకున్న మనిషి పుస్తకం పట్టుకుని కారు దగ్గరికి వచ్చాడు. అద్దం దించేదాకా గుర్తుపట్టలేదు. ఆయనే ముందు గుర్తుపట్టాడు.

"సార్! మంచిగున్నరా? మేడం, పిల్లలు మంచిగున్నరా?"

"బాగున్నామండీ. మీరు..." ఆయన నీలం చొక్కా చూసి మాట మార్చాను. "చంద్రమ్మగారు ఎలా ఉన్నారు?"

"మంచిగుంది సార్. బడికి వోతుంది. నాకు ఈడ రెండేండ్లాయె."

"రాష్ట్రం వచ్చింది కదండీ."

"వచ్చింది సార్." మొహం విప్పారింది. "మూసాపేట చౌరస్తాల రాత్రంత ఎగిరినం. గని అప్పు మాత్రం చట్టంల జనాభా లెక్కనే పంచిండ్రు. యాభై ఎనిమిది, నలభై రెండు. మీ మాటనే నెగ్గింది." నిండుగా నవ్వాడు. అందులో ఎత్తిపొడుపు కోసం వెతికాను. దొరకలేదు. దొరికి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

ఇక ఆపుకోలేక అడిగేశాను. "ఆ రోజు అబ్రహాం గారి గదిలో, నేనే కొట్టమన్నానని మీరెందుకు చెప్పలేదండీ?"

ఆయన పుస్తకంలోంచి తలెత్తాడు. ఇంత చిన్న సంగతి నాకు తెలియకపోవడమే ఆయనకి ఆశ్చర్యంగా ఉన్నట్టుంది.

"మీరు జెప్తరనుకున్న సార్" అన్నాడు.

వెనక కారతను హారన్ కొట్టాడు. వీరేశం ముందుకెళ్లి నా బండి నంబరు చూసి రాసుకుని, గేటు ఎత్తి, లోపలికి పొమ్మని చెయ్యి ఊపాడు.